గెడ్డ మోత

బండి ఇక్కడే ఆపండి. ముంచింగిపుట్టు దాటాక తారు రోడ్డు ఇంతవరకే. ముందు ఎర్రమట్టి బాట, రాళ్లు, దిగువన గెడ్డ. అక్టోబరు సాయంత్రం. వీపు సంచిలో అరచేతిలో ఇమిడే ప్రొజెక్టర్, చిన్న స్పీకరు, ఛార్జి సగమే ఉన్న బ్యాటరీ. చెప్పులు విప్పి చేత పట్టుకోండి. నీళ్లు మోకాలి దాకానే. చల్లగా కాళ్లను నెడుతున్నాయి.

ఒడ్డెక్కగానే కళ్లం. కోసిన సామ పనలు కుప్పేసి ఉన్నాయి. పక్కన మడత విప్పని బరకం. తూర్పున మబ్బు నల్లబడుతోంది. చూస్తారు, చూసి ముందుకే నడుస్తారు. ఊరు మీకోసం ఎదురుచూస్తోంది.

రేకుల షెడ్డులో గోడకు తెల్ల దుప్పటి కట్టారు. ముందు పిల్లలు, మధ్యలో ఆడవాళ్లు, గోడవారగా మగవాళ్లు. ముక్కుకు మూడు పోగులు పెట్టుకున్న అవ్వ ఒకామె స్పీకరును ఆనుకునే కూర్చుంది. ఇక్కడ కొందరు మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కొందరిది కువి. ఇంటర్ చదివే అమ్మాయి మీ పక్కన నిలబడింది, తెర మీది మాటల్ని వాళ్లకూ, వాళ్ల మాటల్ని మీకూ చెప్పడానికి.

మీ దగ్గర రెండు సినిమాలున్నాయి. బ్యాటరీ రెండింటికీ చాలదు. ఏది వేస్తారు?

పేరున్నదే వేస్తారు. 2012లో వచ్చిన 'ఛేజింగ్ ఐస్'. జేమ్స్ బాలాగ్ అనే ఫొటోగ్రాఫర్ మంచు ప్రాంతాల్లో కెమెరాలు బిగించి, హిమానీనదాలు ఏటికేడాది ఎలా కరిగి వెనక్కి పోతున్నాయో చూపించాడు. గ్రీన్‌లాండ్‌లో ఇలులిస్సాట్ దగ్గర మంచు విరిగిపడే ఘట్టానికి నేరుగా వెళ్తారు. అసలైతే అది 75 నిమిషాలు సాగింది. తెర మీద కొద్దిసేపే. తెల్లటి కొండ ఒరుగుతుంది. లేస్తుంది. తిరగబడుతుంది. షెడ్డులో దగ్గు కూడా వినబడదు. పిల్లలు మళ్లీ వెయ్యమంటారు.

అవ్వ ఏదో అడుగుతుంది. అమ్మాయి తెలుగులో చెబుతుంది: "అక్కడ ఎవులుంటారు అంటంది సార్."

"ఆ మంచు మీద ఎవరూ ఉండరు అవ్వా."

అవ్వ తలూపుతుంది. ఆ చూపులో భయం ఉంది, జాలి ఉంది. తన కళ్లం మాత్రం లేదు.

ఇలాంటివి చూసి జనం మారతారా అని మీకూ అనుమానం మొదలవుతుంది. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ కనిపించే 'ఏన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' 2006లో వచ్చి ప్రపంచమంతా చర్చ లేపింది, మరుసటి ఏడాది ఆస్కార్ అందుకుంది. దాన్ని చూసిన అమెరికన్ల మీద జెస్సికా నోలన్ చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. చూసిన వెంటనే వాళ్లకు విషయం తెలిసింది, బెంగ పుట్టింది, మేమూ ఏదో ఒకటి చేస్తామన్నారు. నెల తర్వాత ఆరా తీస్తే, అన్నవాళ్లంతా చేసినవాళ్లు కాలేదని తేలింది.

బ్యాటరీ మూడో వంతుకు దిగింది. సినిమా మార్చండి.

రెండోది జహీరాబాద్ పక్కన పస్తాపూర్ నుంచి వచ్చింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తీసిన సినిమా. బడి మొహం చూడని ఆడకూలీలు కెమెరా పట్టడం నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నిలబడ్డారు. మనిషి కళ్లకు సరిగ్గా ఎదురుగా, ఎక్కువా తక్కువా లేని ఎత్తున కెమెరా పెడితే దాన్ని వాళ్లు 'సంఘం షాట్' అంటారు. ఇప్పుడు తెర మీద అదే. చేలో నిలబడ్డ రైతమ్మ తిన్నగా అవ్వ కళ్లలోకి చూసి మాట్లాడుతోంది. తక్కువ వానకు తట్టుకునే చిరుధాన్యాల గురించి. ఒకే చేలో కలిపి విత్తే రకరకాల గింజల గురించి. ఇంట్లో దాచుకున్న విత్తనం గురించి.

షెడ్డు మొత్తం ఒక్కసారి కదిలింది.

"ఆవిడ పేరేటి?"

"ఏ ఊరు?"

"ఆ గింజ మన కాడా ఉండేది గదా!"

రికిన్ గాంధీ, ఆయన సహచరులు 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలుపెట్టిన 'డిజిటల్ గ్రీన్' బృందానికి ఈ ప్రశ్నలు బాగా తెలుసు. రైతులే కనిపించే వీడియో వేస్తే పల్లెలో ముందుగా అడిగేవి ఇవే: పేరు, ఊరు. కర్ణాటకలో జరిపిన తొలి పరీక్షలో, అధికారి వచ్చి చెప్పిపోయే పాత పద్ధతితో పోలిస్తే ఏడు రెట్లు ఎక్కువగా రైతులు కొత్త పద్ధతుల్ని అందుకున్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోని మన రైతు సాధికార సంస్థ కూడా ప్రకృతి వ్యవసాయం కోసం ఆ బృందంతో కలిసి పనిచేసింది. ఆ ఏడు రెట్ల తేడాకు నాకు కనిపించే కారణం ఒకటే. మంచుకొండతో వాదించలేం. రైతమ్మతో వాదించొచ్చు.

వాదిస్తున్నారు కూడా. గోడవార నుంచి ఒకాయన లేచాడు. "మా కాడ వాన తక్కువ కాదు బాబూ. తప్పుడు యేళకి పడతంది."

రేకుల మీద మొదటి చినుకు.

జడివాన. మాట వినబడటం లేదు. స్పీకరు పెంచుతారు. అందులో ఏదో గరగర. బ్యాటరీ అయిపోతోందేమో. ఇంకా పెంచుతారు. గరగర మోతవుతోంది. స్పీకరు ఆపేస్తారు.

మోత ఆగలేదు.

"గెడ్డ!"

తెర మీద రైతమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. చూసేవాళ్లు లేరు. పరుగు. చీకటి. టార్చి వెయ్యండి. బాట లేదు. అంతా నీళ్లే. ఇందాక మీరు అడుగేసిన రాయి కనిపించదు. అవతలి గూడెం నుంచి సినిమాకొచ్చిన కుర్రాళ్లు ఇద్దరు ఒడ్డున ఉన్నారు. ఇంటికి పోతామంటున్నారు. ఒకడు ప్యాంటు మడిచాడు. తాడుందా? లేదు. మీ మాట వింటాడా? వినడు. కాలు పెట్టాడు. చెయ్యి పట్టుకోండి. లాగండి. మట్టి జారుతోంది. ఎవరో మీ నడుం పట్టుకున్నారు. లాగండి. వచ్చాడు. పడ్డాడు. వణుకుతున్నాడు. ఉన్నాడు.

"కళ్లం!"

బరకం ఎక్కడ? లాగండి. గాలి ఎగరేస్తోంది. రాళ్లు. ఇంకో రాయి. సగం కుప్ప అప్పటికే తడిసిపోయింది.

ఆ రాత్రి ఎవరూ గెడ్డ దాటరు. షెడ్డులో నెగడు వేశారు. ఒకాయన హుద్‌హుద్ తుఫాను కబురెత్తాడు. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గర తీరం దాటి కొండల్లోకీ వచ్చింది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు తోటల్లో కూలిపోయాయి. అమ్మాయి అడుగుతుంది: "ఎందుకు సార్ ఇలాగవుతోంది?"

చెప్పండి. హిందూ మహాసముద్రం 1950 నుంచి 2020 దాకా పదేళ్లకు సుమారు 0.12 డిగ్రీల చొప్పున వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఆ తేమే దిగితే కుండపోత. అయితే ఈ ఒక్క రాత్రి వానను దానికే అంటగట్టకండి. అల్ గోర్ సినిమాలో సైన్సు మొత్తంగా సరైనదే అన్న లండన్ హైకోర్టు జడ్జి కూడా 2007లో తొమ్మిది చోట్ల తప్పుపట్టి, వివరణతోనే బడుల్లో చూపించమన్నాడు. ఉన్నదానికంటే ఎక్కువ చెబితే, ఉన్నదాన్ని కూడా నమ్మరు.

తెల్లవారింది. కళ్లంలో అవ్వ తడిసిన సామలు పిడికిట పట్టి మీ ఫోను వైపు చూపిస్తోంది.

"ఇది తియ్యమంటంది," అంటుంది అమ్మాయి.

నిలబడి తీస్తారా, కూర్చుని తీస్తారా? కూర్చోండి. ఆమె కళ్ల ఎత్తుకు రండి. తెలుగులో చెప్పమని అడగకండి. కాసేపటికి అమ్మాయి మీ చేతిలోంచి ఫోను తీసుకుంటుంది. ఇచ్చెయ్యండి. ఏం అడగాలో మీకంటే తనకే తెలుసు.

పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులకూ, ఈ కొండల్లోని కాలేజీలకూ, వాతావరణం మీద సినిమాలకు డబ్బు పెట్టేవాళ్లకూ ఒక మనవి. ఇలాంటి పిల్లలకు మండలానికో కెమెరా, ఒక ప్రొజెక్టర్, నేర్పే మనిషిని ఇవ్వండి. కువిలో, ఆదివాసీ ఒడియాలో తీయనివ్వండి. తీసినదాన్ని ముందు గ్రామసభలో వేయండి, తర్వాత విశాఖలో, అమరావతిలో వేయండి. పంట నష్టం లెక్క రాసే అధికారి కూడా ఆ రేకుల షెడ్డులో ఊరివాళ్ల మధ్య కూర్చుని చూడాలి.