దూది, వెనిగర్, నర్సమ్మ మాట

క్యాన్సర్ వైద్యం చరిత్ర చెప్పమంటే రేడియం, కోబాల్ట్ యంత్రం, కీమో మందులు, వాటి వెనకున్న డాక్టర్ల పేర్లు వరసగా వచ్చేస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి ఆ వరస చాలదు. డాక్టర్ పాపనికొలావ్ 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పుస్తకం వేసిన దగ్గర్నుంచి, ముఖద్వారం కణాలను తీసి చూసే పాప్ స్మియర్ పేరు లోకానికి తెలుసు. ఆ పరీక్ష నడిచింది మాత్రం పొద్దస్తమానం మైక్రోస్కోపు ముందు కూర్చుని గాజుపలకలు చూసిన టెక్నీషియన్ల కళ్ల మీద. పాపనికొలావ్ భార్య ఆండ్రొమకే కూడా ఆయన ల్యాబ్‌లో ఏళ్ల తరబడి జీతం లేకుండా ఆ పనే చేసింది. ఇంటిపేరు ఒకటే కాబట్టి పరీక్ష పేరులో ఆవిడ వాటా కూడా ఉందని సరిపెట్టుకోవాలి. మన దేశంలో ఈ జబ్బు కథ ఇంకా తేటగా ఉంటుంది. ఇక్కడ మరణాలు తగ్గించవచ్చని రుజువైంది కొత్త యంత్రం వల్ల కాదు. చూసి తేల్చే అధికారం నర్సు చేతికి రావడం వల్ల.

పాప్ స్మియర్‌తో చాలా సంపన్న దేశాల్లో చావులు బాగా తగ్గాయి. మన దగ్గర అది పెద్ద ఊళ్ల ఆసుపత్రులు దాటింది తక్కువ. డబ్బు ఒక్కటే కారణం కాదు. పల్లెలో తీసిన నమూనా పట్నం ల్యాబ్‌కి చేరాలి, టెక్నీషియన్ రంగులద్ది చూడాలి, అనుమానం వస్తే పాథాలజిస్టు చూడాలి, రిపోర్టు వెనక్కి రావాలి, అప్పుడు ఆ మనిషిని వెతికి పిలిపించాలి. ఈలోపు ఆమె కూలికి పోయి ఉంటుంది, లేదా నొప్పేమీ లేనప్పుడు మళ్లీ ఆసుపత్రెందుకని ఇంట్లోవాళ్లే అని ఉంటారు. దీనికి బదులుగా వచ్చిన, ఆమ్లం అద్ది కంటితో చూసే వీఐఏ పరీక్షకు కావాల్సిన సరంజామా ఒక పళ్లెంలో పడుతుంది. స్పెక్యులం పెట్టి, దూదిని నాలుగైదు శాతం అసిటిక్ ఆమ్లంలో, అంటే దాదాపు మనం వాడే వెనిగర్‌లోనే ముంచి, ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగాలి. మంచి దీపం వెలుగులో చూస్తే, మార్పు మొదలైన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. అయితే తెల్లబడిందల్లా జబ్బు కాదు. వాపున్నా పలచటి తెలుపు వస్తుంది, పొర సహజంగా మారుతున్నా వస్తుంది. మచ్చ మందంగా ఉందా, అంచు తేటగా ఉందా, రెండు పొరలు కలిసే గీతను ఆనుకుని ఉందా అని చూసి అక్కడికక్కడే చెప్పాలి. ల్యాబ్ లేదు, పైన ఇంకొకరి సంతకం లేదు.

అంత నిర్ణయం నర్సుకి వదలొచ్చా అన్నది అప్పటి సందేహం. 1999లో లాన్సెట్‌లో వచ్చిన జింబాబ్వే అధ్యయనం మొదటి గట్టి జవాబు. అక్కడ పురుళ్లు పోసే నర్సులు ఈ పరీక్షతో, క్యాన్సర్‌కు ముందొచ్చే తీవ్రమైన మార్పులున్న ప్రతి వందమందిలో సుమారు 77 మందిని పట్టుకున్నారు. స్మియర్ పట్టుకున్నది 44 మందినే. లేని జబ్బును ఉందనుకోవడం మాత్రం నర్సుల పరీక్షలోనే ఎక్కువ. ఆ తర్వాత తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000లో మొదలైన అధ్యయనం ఇంకా ముందుకు పోయింది. 114 సమూహాలను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు పరీక్ష పెట్టారు. 49,311 మందిలో 31,343 మంది వచ్చారు. నర్సులు చూసి ఊరుకోలేదు. పాజిటివ్ వస్తే అదే పూట ముఖద్వారాన్ని పెద్దగా చూపే కాల్పోస్కోప్‌తో చూసి, ముక్క తీసి, తగినవాళ్లకు క్రయోథెరపీ కూడా చేశారు. అంటే చల్లటి గ్యాసు పారే లోహపు మొనను ఆనించి ఆ కాస్త చోటును గడ్డకట్టించడం. 2007లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష పెట్టిన వైపు చావులు 83. పెట్టని వైపు మనుషులు 30,958 మందే, చావులు మాత్రం 92. వయసు లాంటి తేడాలు సర్ది లెక్క కడితే మరణాల్లో తగ్గుదల 35 శాతం. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు నడిపిన అధ్యయనంలో చూసినవాళ్లు నర్సులు కూడా కారు; పదో తరగతి చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. లక్షన్నర మందిని రెండు భాగాలు చేసి సాగించిన ఆ పనిలో మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో డాక్టర్ సురేంద్ర శాస్త్రి ప్రకటించారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా ఆడవాళ్లతో జరిగిన అధ్యయనంలో వీఐఏ వల్ల చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసినా, అది మాత్రం మరణాలను దాదాపు సగానికి దించింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షనే ముందు పెట్టింది. కంటిచూపు మనిషికీ మనిషికీ మారుతుందన్నది నిజం, ఆ సిఫారసు సరైనదే. కానీ ఉస్మానాబాద్‌లో పాప్ స్మియర్ కూడా వీఐఏ కంటే పెద్దగా మెరుగు కాలేదు. ఓడింది నర్సు కాదు, పరీక్ష. యంత్రం వైరస్ ఉందని చెబుతుంది. ఆ ఆడమనిషిని బల్ల ఎక్కడానికి ఒప్పించడం, పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదని విడమర్చి చెప్పడం, చికిత్స దాకా నడిపించడం దాని పని కాదు. ఊళ్లోనే చికిత్స పెట్టిన దిండిగల్‌లో కూడా ముందస్తు మార్పులు తేలినవాళ్లలో 72 శాతమే వైద్యం అందుకున్నారంటే గండి ఎక్కడుందో తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. పోల్చడానికి పెట్టుకున్న గుంపులోని ఆడవాళ్లకు పరీక్ష చేయకుండా ఏళ్ల తరబడి గమనించడం న్యాయమా? ఆ రోజుల్లో దేశంలో మామూలుగా అందుతున్నది అంతే కదా అని నిర్వాహకులు అన్నారు. నాకు ఆ జవాబు సగమే రుచిస్తుంది. వెనిగర్ చావును ఆపుతుందని అప్పటికి తేలలేదు, నిజమే. కానీ ఆ తేల్చడానికైన ఖర్చులో దిండిగల్‌లో పరీక్ష పెట్టని వైపు పోయిన ఆ 92 మంది కూడా ఉన్నారు. అంత ఖరీదు పెట్టి తెలుసుకున్నదాన్ని ఏం చేశామన్నదే అసలు ప్రశ్న. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ముప్పై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, ముఖద్వారం పరీక్షించమని మార్గదర్శకాలిచ్చింది. జనాన్ని పోగుచేసే పని ఆశా కార్యకర్తలకు, చూసే పని ఏఎన్‌ఎంలకు, స్టాఫ్ నర్సులకు వచ్చింది. వాళ్ల పాత రిజిస్టర్ల పక్కన ఇంకో రిజిస్టర్ చేరింది. పాజిటివ్ వస్తే మాత్రం చీటీ రాసి పై ఆసుపత్రికి పంపమన్నారు. అంటే చూపు నర్సుకి ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పాప్ స్మియర్ ఏ దారిలో ఆగిపోయిందో మళ్లీ ఆ దారే పట్టారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు ఇద్దరు లేరు. దిండిగల్ ఉన్న తమిళనాడులో దాదాపు పదిమంది.