తల వంచితే కనిపించే ప్రాగ్

పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలు. ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో కొన్ని వందలమంది మెడలెత్తి ఒకే గోడ వైపు చూస్తున్నారు. చేతులన్నీ పైకే, ప్రతి చేతిలో ఫోను. మా ఆయన మునివేళ్ళ మీద లేచి నిలబడ్డారు. నేనొక్కదాన్నే కిందికి చూస్తున్నాను. నా ఎడమకాలి చెప్పు పట్టీ ఇప్పుడే పుటుక్కున తెగింది.

"ఏమండీ, చెప్పు తెగింది."

"ఆగు, బొమ్మలొస్తయి" అంటారాయన, గోడ మీంచి చూపు తిప్పకుండా.

గడియారం పక్కనున్న అస్థిపంజరం తాడు లాగుతుంది. రెండు కిటికీలు తెరుచుకుని, ఏసు శిష్యుల బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి తొంగిచూసి వెళతాయి. కింద అద్దం పట్టుకున్న సోకులరాయుడు, డబ్బు సంచి పట్టుకున్న పిసినారి తలలు అడ్డంగా ఊపుతారు. మృత్యువు పద అంటుంటే మేం రామంటున్నారన్నమాట. బంగారు రంగు కోడిపుంజు కూస్తుంది. పన్నెండు గంటలు మోగుతాయి. అంతే, జనం చెదిరిపోతారు.

గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి పట్టీకి గుచ్చుకుంటాను. కొత్త చెప్పులు కొనే సంగతి రేపు చూద్దాం. ఉన్నదే రెండ్రోజులు. పొద్దున డ్రెస్డెన్‌లో మా అబ్బాయి రైలెక్కిస్తే ఎల్బే నది పక్కనుంచి రెండున్నర గంటల్లో ఇక్కడ దిగాం. రేపు సాయంత్రం తిరుగు రైలు. మా ఆయన నోట్‌బుక్కులో చూడాల్సినవి పద్నాలుగున్నాయి. ముప్ఫై మూడేళ్ళు హన్మకొండలో లెక్కలు చెప్పిన మనిషి, జాబితాకు నంబర్లు వెయ్యకుండా ఉండలేరు.

గుంపు పలచబడ్డాక ఆయన గడియారం కిందికి చేరతారు. 1410లో మొదలైన యంత్రం ఇది. గంటలతోపాటు సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో కూడా చూపిస్తుంది. "జూన్ మొదటి వారం. వీళ్ళ సూర్యుడు మిథునంలోకి పోయిండు, మన పంచాంగంలో ఇంకా వృషభంలనే ఉన్నడు. వీళ్ళు విషువత్తు నుంచి లెక్క కడతరు, మనం నక్షత్రాలను బట్టి. ఇరవై నాలుగు డిగ్రీల తేడా!" ఎవరూ అడగని పాఠం అది. నేను తల ఊపుతూ ఆయన చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తాను. పిన్నీసు చెప్పు, నున్నగా అరిగిన గుండ్రాళ్ళ బాట. కళ్ళు నేల మీది నుంచి తీస్తే పడతాను.

అందుకే కనిపించాయి.

టౌన్‌హాల్ తూర్పు గోడ పక్కన, నల్లటి రాళ్ళ మధ్య తెల్ల రాళ్ళతో పొదిగిన శిలువలు. ఒకటి, రెండు, మూడు... లెక్కపెట్టమంటే ఆయనకు హుషారు. ఇరవై ఏడు. గోడకున్న ఫలకం మీద అన్నే పేర్లు. 1620లో ఊరి బయట వైట్ మౌంటెన్ దగ్గర హాబ్స్‌బర్గ్ చక్రవర్తి సేనల చేతిలో చెక్ తిరుగుబాటుదారులు ఓడిపోయారు. మరుసటేడు, జూన్ 21న, 27 మంది నాయకులకు ఈ కూడలిలోనే మరణశిక్ష అమలు చేశారు. పన్నెండు తలల్ని పదేళ్ళపాటు చార్లెస్ బ్రిడ్జి బురుజుకు వేలాడదీశారు. ఆ శిలువల మీంచే ఒక కుర్రాడు ట్రాలీ బ్యాగు గడగడా లాక్కుపోతున్నాడు. తప్పు అతనిది కాదు, అతని చూపు గడియారం మీదుంది.

అయిదు నిమిషాలు నడిస్తే యోసెఫోవ్, పాత యూదుల పేట. ఒక ఇంటి గుమ్మం ముందు, రాళ్ళ మధ్య అరచేతి వెడల్పు ఇత్తడి పలక ఎండకు మెరుస్తోంది. వంగి చూస్తాను. ఒక స్త్రీ పేరు, పుట్టిన సంవత్సరం, 1942లో ఆమెను తీసుకెళ్ళిన తేదీ. ఈ ఇంట్లో ఉండేదట. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ మొదలుపెట్టిన ఈ పలకలు యూరప్‌లోని ఊళ్ళెన్నింటిలోనో ఇలాగే నేలలో దిగి ఉన్నాయి. పేరు చదవాలంటే తల వంచాల్సిందే.

పింకాస్ సినగాగ్ లోపల మాత్రం చూపు ఎటు తిప్పినా పేర్లే. నాజీలు పొట్టనపెట్టుకున్న దాదాపు 78 వేలమంది చెక్ యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. దూరం నుంచి సన్నని అచ్చుగుడ్డలా కనిపిస్తుంది గోడ. దగ్గరికి వెళితే ఒక్కో పేరు విడివడుతుంది. పక్కనే శ్మశానం. యూదులకు పాతిపెట్టడానికి వేరే నేల దొరకలేదు. దాంతో పాత సమాధుల మీద మట్టి పోసి, ఆ మట్టిలోనే కొత్తవి తవ్వుకుంటూ పోయారు. కొన్నిచోట్ల పన్నెండు వరసలు. పైన పన్నెండు వేల రాళ్ళు ఒకదాని భుజాన ఒకటి వాలి నిలబడ్డాయి. మా ఆయన నోట్‌బుక్కు ఎప్పుడు జేబులో పెట్టుకున్నారో నేను చూడలేదు.

రాత్రి భోజనానికి శాకాహారులకు ఈ ఊళ్ళో దిక్కు వేయించిన చీజ్. రొట్టెపొడి పట్టించి నూనెలో వేయించిన చీజు ముక్క, పక్కన ఆలుగడ్డలు. ఆయన మొహం చూసి హ్యాండ్‌బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీస్తాను. మారు మాట్లాడకుండా తినేస్తారు.

తెల్లారి అయిదుం బావు. చార్లెస్ బ్రిడ్జి మీద మేమిద్దరం, నలుగురైదుగురు ఫోటోగ్రాఫర్లు, పెళ్ళిబట్టల్లో వణుకుతున్న ఒక జంట. కింద వల్టావా నది మీంచి పొగమంచు లేస్తోంది. "అయిదు ముప్ఫై ఒకటి కావాలె" అని ఆయన గడియారం చూసుకుంటున్నారు. నాలుగో చార్లెస్ చక్రవర్తి ఈ వంతెనకు 1357లో శంకుస్థాపన చేశాడు. ముహూర్తం 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలని ఇక్కడ చెప్పుకుంటారు. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. "ఎటు నుంచి చదివినా ఒకటే! చూసినవా, ఎట్ల కుదిరిందో!" ఎప్పుడో క్లాసులో ఇలాగే మెరిసి ఉంటాయి ఈ కళ్ళు. వెంటనే ఊరి పౌరుషం గుర్తొస్తుంది. "మన రామప్ప గుడి 1213ది. దీనికన్న 144 ఏండ్లు పెద్దది. పన్నెండు పన్నెండ్లు."

వంతెన 516 మీటర్లు. పదహారు కమానులు, రెండు వైపులా కలిపి ముప్ఫై విగ్రహాలు. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని ఒక కథ. కరక్కాయ, బెల్లం, గుడ్డుసొన కలిపిన గచ్చు గురించి విన్న మనకది వింతేమీ కాదు. ఊరూరి నుంచి గుడ్లు పంపమన్నాడట రాజు. వెల్వరీ అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయేమోనని ఉడకబెట్టి పంపారట! ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వితే పెళ్ళిజంట మా వైపు తిరిగి చూస్తుంది.

నెపోముక్ విగ్రహం దగ్గర ఆగుతాం. వంతెన మీద ముందుగా నిలబెట్టిన విగ్రహాల్లో ఇదొకటి, 1683లో. 1393లో రాజు ఈ మతగురువును నదిలో తోయించాడు. రాణి తన దగ్గర చెప్పుకున్న రహస్యం బయటపెట్టనన్నందుకేనని జనం చెప్పుకునే కథ. కింది కంచు ఫలకాన్ని తాకితే మంచిదని అందరూ తాకి తాకి, మన గుళ్ళో నంది వీపులా నిగనిగలాడుతోంది. "ఏం రహస్యమో" అంటారాయన. "అడిగితే నేను మాత్రం చెప్తానా?" అంటాను.

ఎదురుగా కొండ మీద కోట, అందులో సెయింట్ వీటస్ చర్చి. 1344లో మొదలుపెడితే 1929కి పూర్తయింది. ఇరవై రెండో నంబరు ట్రామెక్కి వెళ్ళి, ఆ రంగుటద్దాల వెలుగులో గంట కూర్చుని వస్తాం.

దిగేసరికి పిన్నీసు కూడా వంగిపోతుంది. ఇక లాభం లేదని వెన్‌సెస్లాస్ స్క్వేర్‌కు చేరతాం. గాజు గోడల పాత భవనం మీద ఎర్రటి అక్షరాలు చూసి ఇద్దరం నిలబడిపోతాం. బాటా!

జూన్‌లో స్కూళ్ళు తెరిచారంటే మా ఇంట్లో పిల్లలకు బాటా బూట్లే. అది మన కంపెనీయే అనుకున్నాం ఇన్నేళ్ళూ. పుట్టిల్లు ఈ దేశంలోని జ్లిన్ పట్టణమట, 1894లో. ఈ భవనం 1929 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కంపెనీని ప్రభుత్వం తీసేసుకుంది, 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాకే బాటాలు మళ్ళీ పుట్టింటికొచ్చారు. మందపాటి అడుగున్న చెప్పులు తొడుక్కుని, తెగినదాన్ని అక్కడే వదిలేస్తాను.

కొత్త చెప్పులతో ఇప్పుడు తలెత్తి నడవొచ్చు. కానీ రెండ్రోజుల అలవాటు. కూడలి ఎగువన మ్యూజియం ముందు నేల ఉబ్బినట్టుంది. కింద ఎవరో పడుకుని లేవబోతుంటే రాళ్ళు పైకి లేచినట్టు, ఒక కంచు శిలువ. యాన్ పాలాఖ్, ఇరవై ఏళ్ళ విద్యార్థి. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ఈ వీధుల్లోకి వచ్చాయి. దేశం నెమ్మదిగా తల వంచేస్తోందని, 1969 జనవరి 16న ఇక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకు పోయాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1989 నవంబరులో లక్షలమంది ఇదే కూడలిలో నిలబడి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించారు.

నాకు హైదరాబాద్‌లో ఎల్బీనగర్ చౌరస్తా గుర్తొచ్చింది, తెలంగాణ కోసం అక్కడ ఇలాగే ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి గుర్తొచ్చాడు. ఆయనకూ అదే గుర్తొచ్చి ఉంటుంది. స్టేషన్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రైల్లో ఆయన నోట్‌బుక్కు తీసి టిక్కులు పెడుతున్నారు. పద్నాలుగులో చూసింది ఆరు. శిలువలు, ఇత్తడి పలక, ఉబ్బిన నేల అసలు జాబితాలోనే లేవు. ప్రాగ్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: గోపురాలను ఎలాగూ చూస్తారు, కాస్త నేల కూడా చూస్తూ నడవండి. అడుగు మందంగా ఉన్న చెప్పులు ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్ళండి.