రెండు వీరకావ్యముల ముగింపు

గ్రీకుల ‘ఇలియడ్’ గాయకుల నోట పెరిగి, క్రీ. పూ. 8వ శతాబ్ది ప్రాంతమున హోమరు పేర రూపొందిన 24 సర్గల కావ్యము. రోమనుల ‘ఈనియడ్’ అగస్టస్ చక్రవర్తి కాలమున వర్జిల్ మహాకవి సుమారు పదేండ్లు శ్రమించి రచించిన 12 సర్గల కృతి. వర్జిలు అనేక విషయములలో హోమరు అడుగుజాడల నడచినవాడే. అయినను ఇరువురికిని గల భేదమును మనము ఈ కావ్యముల ముగింపులలో స్పష్టముగా చూడగలము.

ఇలియడ్ చివర ట్రాయి రాజు, వృద్ధుడైన ప్రయాము, తన కుమారుడగు హెక్టరును చంపిన అకిలీసు చేతులనే ముద్దాడి, శవమును యాచించును. అకిలీసు తన తండ్రిని తలచుకొని విలపించి, శవమును అప్పగించును. హెక్టరు అంత్యక్రియలతో కావ్యము ముగియును.

ఈనియడ్ చివర గాయపడి పడిపోయిన టర్నసు కూడ తన ముసలితండ్రి పేరు చెప్పియే ప్రార్థించును. ఈనియాసు చేయి క్షణకాలము ఆగును. కాని టర్నసు చేత హతుడైన తన మిత్రుడు పాలసు ధరించిన పట్టె శత్రువు భుజమున కనబడగనే క్రోధము పైకొనును, కత్తి దిగును.

లొంగినవారిని కాపాడుటయే రోమనుల ధర్మమని ఆరవ సర్గలో తండ్రి ఆత్మ ఈనియాసునకు బోధించి యుండెను. ఆ బోధ ఇచట ఏమైనది? ఈ వధ న్యాయమా, అన్యాయమా యని పండితులు నేటికిని చర్చించుచున్నారు. రోము వైభవమును పాడిన కవి తన కావ్యమును జయఘోషతో గాక, ఈ ప్రశ్నతో ముగించి మనకు విడిచిపోయెను.