మరీచము – మిరపకాయ

భరతఖండమున వంటకమనఁగాఁ గారమేయనియు, ఆ కారము మిరపకాయవలననే కలుగుననియు, మిరపకాయ మన పూర్వులనాఁటినుండి యున్నదనియుఁ బెక్కండ్రు తలంచుచున్నారు. ఈ మూఁడును విచారమునకు నిలువవు. ప్రాచీనగ్రంథములకర్థము చెప్పువారు మరీచమును మిరపకాయగాఁ జెప్పినచో గ్రంథకాలనిర్ణయమే తాఱుమాఱగును. కావున నిది వంటయింటితోఁ బోవు ముచ్చట కాదు.

మొదట శబ్దమును విచారింతము. షడ్రసములలోఁ గారమునకు సంస్కృతమునఁ గటువని పేరు, తిక్తమనఁగాఁ జేదు. తెలుఁగునందలి కారము క్షారశబ్దభవము. వైద్యులు త్రికటుకమనునవి శొంఠి, పిప్పలి, మిరియము. అమరసింహుఁడు మరీచమునకుఁ జెప్పిన పర్యాయములలోఁ గృష్ణమొకటి. నల్లని మిరియమునకిది తగునుగాని, పండి యెఱ్ఱనగు మిరపకాయకుఁ దగదు.

ఇఁకఁ జరిత్రము. మిరప అమెరికాఖండపు మొక్క. కొలంబసు 1492లో నచ్చటి ద్వీపములఁ జేరిన పిదపనే యది తక్కిన ఖండములకుఁ దెలిసినది. వాస్కోడగామా 1498లోఁ గోళిక్కోడు చేరెను. పోర్చుగీసువారు 1510లో గోవను గైకొనిరి. వారి నావలమీఁదనే మిరప మనకు వచ్చెను. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందలి పాకములలో మరీచము, ఇంగువ, సైంధవలవణము గలవు, మిరప లేదు. 16వ శతాబ్ద్యంతమున అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలోని పాకములందును మిరియము, అల్లము గలవుగాని మిరప కానరాదు.

క్రొత్త వస్తువునకుఁ బాత పేరే యక్కఱకు వచ్చినది. మరీచము ప్రాకృతమున మిరిఅయై, తెలుఁగున మిరియమయ్యెను. మిరియపుఁ గాయయే మిరపకాయ. అరవమున మిళగు, మిళగాయ్. కన్నడమున మెణసు, మెణసినకాయి. మూఁడు భాషలును మిరియముపేరనే దీనిని బిలుచుట, మిరియము ముందనియు మిరప వెనుకయనియుఁ జాటుచున్నది.

వెనుక వచ్చినది ముందున్నదానినేల మించెను? మిరియపుఁ దీఁగకు మలయాళదేశమువంటి వానయు, నీడయుఁ గావలయును. కాపునకు కొన్నియేండ్లు పట్టును. మిరప మెట్టచేలనుగూడఁ గొలఁది నెలలలోఁ గాచును. మిరియము కొనలేని పేదకుఁ బెరటిలోనే కారము దొరకెను.

అట్లని మిరప రాకమునుపు మన వంట చప్పిడియనుటయుఁ దప్పే. త్రికటుకమును, ఆవాలును నాఁడే కలవు. సంబారమెల్లఁ గారమును గాదు. ధనియములు, జీలకఱ్ఱ, మెంతులు, ఇంగువ రుచికిని, పరిమళమునకునుగాని మంటకుఁ గావు. ఎఱుపెల్లఁ గారము గాదు. కర్ణాటకపు బ్యాడగి మిరపకు రంగు మిక్కుటము, కారము తక్కువ.

కావున ప్రాచీనకావ్యమున మరీచము కనఁబడినచోట మిరియమనియే బాలురకుఁ జెప్పవలయును. 1492నకుఁ బూర్వపుదనఁబడు గ్రంథమున మిరపకాయ కనఁబడెనేని, ఆ భాగము ప్రక్షిప్తమో, గ్రంథమే యర్వాచీనమో పరిశోధింపవలయును. గుంటూరిసీమ మిరపకాయ నేఁడు మనదే; మనదగుటకు అనాదియని చెప్పనక్కఱలేదు.