తొలికాన్పు కష్టం: కారణాల అన్వేషణ – కోనసీమ నేపథ్యం

ఉపోద్ఘాతం

సాగుతున్న పని చెడితే తెలుగువారు ‘అడ్డం తిరిగింది’ అంటారు. గర్భంలో బిడ్డ తల కిందికి రాక అడ్డంగా నిలిచినప్పుడు వాడేదీ ఈ మాటే. మొదట్లోనే చెడిన పనికి ‘పురిట్లోనే సంధి కొట్టింది’ అన్న నుడికారం ఉంది. ‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే’ అన్నది సామెత. కాన్పు గదిలోని భయాన్ని భాష ఇలా దాచుకుంది. అయితే ఆ కష్టానికి కారణమేమిటన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. తొలిచూలు ప్రసవం కష్టమవడానికి చెప్పిన కారణాలు ఎలా మారుతూ వచ్చాయో, అమలాపురం కేంద్రంగా గల కోనసీమ నైసర్గిక స్థితి ఆ చర్చకు ఏమి చేరుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూఢగర్భ భావన

ప్రసవమార్గంలో చిక్కుకున్న శిశువును ఆయుర్వేదం ‘మూఢగర్భం’ అంది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అందులో కీలం, ప్రతిఖురం, బీజకం, పరిఘం అని నాలుగు భేదాలు కనిపిస్తాయి. చేతులు, కాళ్లు, తల పైకి ఉండి మేకులా మార్గాన్ని మూసేది కీలం. చేతులు, కాళ్లు, తల బయటపడి మొండెం చిక్కుకుంటే ప్రతిఖురం. ఒక చెయ్యి తలతో పాటు వస్తే బీజకం. తలుపు గడెమానులా అడ్డంగా నిలిస్తే పరిఘం. సంస్కృతంలోని ఈ గడెమాను పోలికా, తెలుగులోని ‘అడ్డం తిరగడమూ’ ఒకే దృశ్యాన్ని చూపుతున్నాయి. బ్రతికి ఉన్న శిశువుపై శస్త్రం ప్రయోగించరాదనీ, అలా చేస్తే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పనీ చికిత్సాస్థానం హెచ్చరిస్తుంది.

ఈ గ్రంథంలో శిశువు స్థితుల వర్ణన ప్రత్యక్ష పరిశీలన మీద నిలిచింది. కారణాల వివరణ మాత్రం వేరు దారి పట్టింది. అపానవాయువు వికృతి మూలమని చెబుతూ, అందుకు వాహనప్రయాణం, తడబడి పడిపోవడం, పరుగెత్తడం వంటివి ప్రేరకాలని పేర్కొంటుంది. అంటే దోషం చాలావరకు గర్భిణి నడవడికకు చేరుతుంది. ‘ఏం చేసిందో, ఏం తిందో’ అని చూలాలినే ప్రశ్నించే లోకరీతికి ఈ ఆలోచన దగ్గరగా ఉంది. మరోవైపు తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లే ఆచారం, మొదటి ప్రసవానికి ప్రత్యేక శ్రద్ధ కావాలన్న అనుభవజ్ఞానానికి నిదర్శనం.

దేహధర్మాలు

ఆధునిక ప్రసూతిశాస్త్రం కారణాలను మూడుగా విభజిస్తుంది: గర్భాశయ సంకోచాల బలం, బిడ్డ వెలువడే దారి, బిడ్డ పరిమాణమూ నిలిచిన తీరూ. తొలిచూలులో ఈ మూడూ మొదటిసారి పరీక్షకు నిలుస్తాయి. గర్భాశయ ముఖద్వారం సాధారణంగా ముందు పలచబడి, ఆ తరువాతే విచ్చుకుంటుంది. మలికాన్పులో ఈ రెండూ దాదాపు కలిసి సాగుతాయి. కటివలయం బిడ్డ తలకు సరిపడుతుందా అన్నది అంతకుముందు రుజువు కాలేదు. బిడ్డ తల వెనుక భాగం తల్లి వెన్నువైపు ఉంటే నొప్పులు దీర్ఘమవుతాయి. సంకోచాలు క్రమం తప్పడం, అలసట, భయం కూడా ప్రసవాన్ని మందగింపజేస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన సూచనల ప్రకారం ముఖద్వారం 5 సెంటీమీటర్లు విచ్చుకున్న తరువాతి దశ తొలికాన్పులో సాధారణంగా 12 గంటలు మించదు. మలికాన్పులో 10 గంటలు మించదు. ఆపై బిడ్డ వెలువడే దశ తొలికాన్పులో 3 గంటల లోపు, మలికాన్పులో 2 గంటల లోపు ముగుస్తుంది. కాబట్టి ఆలస్యమంతా ఆపద కాదు. దీర్ఘప్రసవం వేరు, దారి మూసుకుపోయిన ప్రసవం వేరు. ఈ తేడాను సకాలంలో గుర్తించడమే వైద్యానికి అసలు పరీక్ష.

వయస్సు ప్రశ్న

దారి ఇరుకు కావడానికి ఒక కారణం సంఘం కల్పించినదే. రజస్వల అయిన తరువాత కూడా కటివలయం కొన్నేళ్లపాటు ఎదుగుతుంది. ఆ ఎదుగుదల పూర్తికాకముందే గర్భం ధరిస్తే బిడ్డ తల చిక్కుకునే ప్రమాదం ఎక్కువ. బాల్యంలో తగిన పోషణ లేక ఎత్తు పెరగని స్త్రీలకూ ఈ ప్రమాదం ఉంది. రజస్వలకు ముందే పెళ్లి, ఆ వెంటనే కార్యం జరిపే ఆచారమున్న కుటుంబాలలో తొలిచూలు పసిప్రాయంలోనే వచ్చేది. గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం బాల్యవివాహాలపై సాగించిన పోరాటాన్ని సాధారణంగా వితంతు సమస్యతో ముడిపెట్టి చదువుతారు. దానిని ప్రసూతి చరిత్రలో భాగంగా కూడా చదవవలసి ఉంది.

1891 నాటి సమ్మతి వయస్సు చట్టం 12 ఏళ్లను హద్దుగా నిలిపింది. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైన శారదా చట్టం బాలికల వివాహ వయస్సును 14గా నిర్ణయించింది. అది 18 కావడానికి 1978 దాకా ఆగవలసి వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. వయస్సు ప్రశ్న గతచరిత్రగా మారలేదు.

మంత్రసానిపై నింద

మద్రాసులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి 1844లో మొదలైంది. 1885లో డఫరిన్ నిధి, 1903లో దాయీల శిక్షణ కోసం విక్టోరియా స్మారక నిధి ఏర్పడ్డాయి. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. ఈ ప్రయత్నాల వల్ల శుభ్రత పెరిగింది; అయితే వాటి వెనుక గల ఆలోచనలో మరణాలకు ముఖ్యకారణం చదువులేని మంత్రసానే అన్న భావన బలంగా ఉంది. అపరిశుభ్రమైన చేతుల వల్ల సూతికా జ్వరం వ్యాపించడం నిజమే. కానీ ఇరుకైన కటివలయాన్ని ఆమె సృష్టించలేదు. శస్త్రచికిత్స అందుబాటులో లేకపోవడం ఆమె తప్పు కాదు. సుశ్రుతుని కాలంలో చూలాలి నడవడికకు చేరిన దోషం వలసపాలనలో మంత్రసాని చేతులకు మారింది.

నీటి మధ్య నేల

కోనసీమకు ఒకవైపు గౌతమి, మరోవైపు వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలకు వరి పంటను, కాలువలను ఇచ్చింది. అయితే వంతెనలు లేని కాలంలో అమలాపురం నుంచి కాకినాడ చేరాలంటే గౌతమిని రేవు దాటవలసిందే. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత కూడా ఏటి అవతలి వైద్యం ఏటి ఇవతలి తల్లికి పడవ వేళపై ఆధారపడింది. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో గానీ అందుబాటులోకి రాలేదు.

ప్రసూతి మరణాలకు దారితీసే ఆలస్యాలను థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా వివరించారు: నిర్ణయం తీసుకోవడంలో, ఆసుపత్రి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. తొలికాన్పు వల్ల కోనసీమకు ఈ మూడింటిలో మొదటి రెండూ ముడిపడతాయి. తొలిచూలుకు నొప్పులు ఎక్కువసేపు ఉండటం సహజమన్న నమ్మకం నిర్ణయాన్ని వాయిదా వేయిస్తుంది. ఆ తరువాత ఏరు అడ్డం పడుతుంది. అడ్డం తిరిగిన బిడ్డ దేహసమస్య. ఆ బిడ్డ, ఆ తల్లి రేవులో ఆగిపోవడం చరిత్ర సమస్య.

ముగింపు

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పులలో 42.4 శాతం శస్త్రచికిత్స ద్వారానే జరిగాయి. ఒకప్పుడు దారి మూసుకుపోయినా ఆలస్యమని సరిపెట్టుకున్నారు. ఇప్పుడు ఆలస్యమైనా దారి మూసుకుపోయిందని తొందరపడే ప్రమాదం ఉంది. రెండూ ఒకే పొరపాటు రెండు అంచులు. మరోవైపు వరద వస్తే గోదావరి లంక గ్రామాలకు నేటికీ పడవే దిక్కు. తొలికాన్పు కష్టానికి కారణాన్ని తల్లి నడవడికలోనో మంత్రసాని చేతిలోనో వెతికిన చరిత్ర, పెళ్లి వయస్సు, తిండి, దారి అనే మూడింటిని చాలాకాలం పక్కన పెట్టింది. కోనసీమ అనుభవం ఆ మూడింటినీ తిరిగి చర్చలోకి తెస్తున్నది.