బండి నంబరు విలువ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో నగ కొనునప్పుడు వెలలో మూడు పద్దులుండును. మొదటిది బంగారము, రెండవది తరుగు, మూడవది మజూరి. అదే నగను కొన్ని యేండ్ల తరువాత అంగడికి తిరిగి తీసికొనిపోయినచో తూకమునకు మాత్రమే వెల కట్టుదురు. తరుగును మజూరియు తిరిగి రావు. ఈ సంగతి ఆ యూరి గృహిణులకు ఎవరును నేర్పవలసిన పనిలేదు. ఇంతటి లెక్క తెలిసిన యూరిలోనే, మోటారుబండి కొన్నవారు బండి వెల చాలక, దానికి ముందు వెనుకల తగిలించు నాలుగంకెల కొఱకు వేలకు వేలు వెచ్చించుటయు కలదు. జమ్మలమడుగులోను పులివెందులలోను ఈ మోజు తక్కువ కాదు. ఈ నాలుగంకెలలో బంగారమెంత, మజూరి యెంత యని చూచుటయే మా ప్రయత్నము.

బండికి నంబరు కట్టుట ప్రభుత్వము తన సౌకర్యము కొఱకు చేసికొన్న యేర్పాటు. 1893వ సంవత్సరము ఆగస్టులో పారిస్ నగర పోలీసులు, ప్రతి మోటారుబండికిని యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య చెక్కిన లోహపు పలక యుండవలెనని ఉత్తరువు చేసిరి. ఇంగ్లండులో 1903లో చేసిన చట్టము 1904 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. లండను నగరమున ‘ఏ 1’ అను నంబరు కొఱకు రసెల్ ప్రభువు రాత్రియంతయు కచేరి వాకిట కాచుకొని యుండెనని యొక కథ. నంబరు పుట్టిననాడే నంబరుమీది మోజును పుట్టినదన్నమాట. మన దేశమునకు మోటారుబండ్ల చట్టము 1914లో వచ్చినది. 1939 నాటి చట్టము ప్రతి రాష్ట్రమునకును కొన్ని యక్షరములు కేటాయించి, వాని వెంట నాలుగుకు మించని యంకెలు వ్రాయవలెనని నిర్ణయించెను.

కాని మన జిల్లాకు నంబర్లు మోటారులతో వచ్చినవి కావు. 1800లో నైజాము ప్రభువు ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసిన పిమ్మట, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చటనుండి, ఊరూర చేలు కొలిపించెను. ఆయన వాడించిన గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు పొడవును వెడల్పును గల చదరములు నలువది చేరినచో ఒక ఎకరము. అట్లు కొలిచిన చేలకు నంబర్లు పడెను. రైతు ఆ నంబరును దస్తావేజులో దాచుకొని, నోట మాత్రము ‘బావి చేను’, ‘చింతమాని చేను’ అనియే పిలుచుచు వచ్చెను. జమ్మలమడుగు నల్లరేగడిలో తొమ్మిదవ నంబరు చేనునకు ఎనిమిదవ నంబరు చేనుకంటె ఎక్కువ వెల ఇచ్చిన రైతును మేమెఱుగము. అతడు మన్ను పిడికిట తీసికొని చూచును, నీటిజాడ విచారించును. ఈ నిన్నమొన్నటి తరములో సైకిళ్ళకు మునిసిపాలిటీవారును పంచాయతీవారును ఇచ్చుచుండిన బిళ్ళలకును నంబర్లుండెను. పన్ను కట్టితిమనుటకు గుర్తుగా ఆ బిళ్ళను హాండిలునకు కట్టుకొని పోయెడివారేగాని, ఇందులో నాకు మంచి యంకె యిమ్మని అడిగినవారు అరుదు.

మంచి యంకె యన్న నేమి? నేడు బేరము ముఖ్యముగా తొమ్మిదిమీద నడచుచున్నది. నవగ్రహములు, నవరత్నములు, నవధాన్యములు మనకు పరిచితములే. తొమ్మిదిని దేనితో గుణించినను, వచ్చిన లబ్ధములోని యంకెలను కూడుచు పోయినచో తుదకు తొమ్మిదియే మిగులునను చమత్కారమును కలదు. అందుచేత ‘కూడిక తొమ్మిది’ రావలెనని కోరువారు పెక్కుమంది. వారొక చిన్న లెక్క చూడవలెను. ఒక్కొక్క వరుసలో 1 మొదలు 9999 వరకు నంబర్లుండును. వీనిలో కూడిక తొమ్మిది వచ్చునవి 1111. అనగా ఏ కోరికయు లేక వరుసలో వచ్చిన నంబరును పుచ్చుకొన్న తొమ్మండుగురిలో ఒకనికి అది ఊరకయే దొరకును. ఇంత విరివిగా దొరకుదానికి వెల పెట్టుట, పెన్నలో నీరున్న దినములలో చెలమ నీటిని కొనుట వంటిది. నిజముగ అరుదైనవి వేరు: నాలుగంకెలును ఒక్కటే యైనవి వరుసకు తొమ్మిది, ఒంటి యంకెవి తొమ్మిది. పోటీ వీనికి తగిలినప్పుడే వెల చెట్టెక్కును. 2024 మే నెలలో హైదరాబాదు ఖైరతాబాదు కార్యాలయపు వేలములో 9999 అను నంబరు సుమారు 25 లక్షల 50 వేల రూపాయలు పలికినది. ఆ సొమ్ముతో వేరొక మంచి కారే వచ్చును.

అదృష్టపు లెక్కలో మఱియొక తిరకాసు కలదు. ఎనిమిది శనికి సంబంధించినదని దానిని వదలించుకొన జూచువారు మనలో ననేకులు. అష్టలక్ష్ములను పూజించి, అష్టైశ్వర్యములు కలుగునట్లు దీవెనలందుకొను జాతికి ఎనిమిది యెప్పుడు చెడ్డదైనదో మాకు బోధపడదు. హాంకాంగు నగరములో చీనావారు ఎనిమిది కొఱకే వేలములో ఎగబడుదురు, వారి భాషలో దాని ధ్వని కలిమిని స్ఫురింపజేయును గనుక. నాలుగనిన వారికి భయము, అది మరణమును స్ఫురింపజేయును గనుక. ఏడు సంగతి ఇంకను వింత. కళ్ళములో ధాన్యము కొలుచు మనవారు మొదటి కొలతను ‘లాభము’ అని, ఏడవదానిని ‘ఆరున్నొకటి’ అని లెక్కించుట వాడుక. ‘ఏడు’ అన్న ఏడుపు స్ఫురించునని దాని పేరే యెత్తరు. ఆ యంకెయే దుబాయిలో 2023 ఏప్రిలులో, ‘పి 7’ అను పలకగా, 5 కోట్ల 50 లక్షల దిర్హాములకు అమ్ముడుపోయి లోకములోని వెలలన్నిటిని మించెను. ఆ సొమ్ము అన్నదానపు నిధికి పోయినదనుట కొంత ఊరట. మన జిల్లానుండి బ్రదుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయినవారనేకులు. అచ్చట కారు నడుపువానికి అట్టి పలక యెదురైనచో, కళ్ళములో తన తాత నోట నుచ్చరింపని యంకె అదియని జ్ఞప్తికి వచ్చునో రాదో!

ఇక కొన్నవానికి దక్కునదేమి? 1988 నాటి చట్టము 41వ సెక్షనులో నంబరును ‘కేటాయించుట’ అనియే కలదు గాని ‘అమ్ముట’ అని లేదు. ఇంగ్లండులో నంబరును బండినుండి వేరుపరచి, దాచుకొని, మఱియొకరికి అమ్ముకొను వీలు కలదు. అచటి ప్రభుత్వము కూడ 1989 నుండి నంబర్లను వర్తకపు సరకువలె అమ్ముచున్నది. అక్కడ నంబరు కొన్నవాడు ఆస్తి కొన్నానని చెప్పుకొనవచ్చును. మనకడ నంబరు సాధారణముగా బండి వెంటనే పోవును. బండి అమ్మినవాడు నంబరునకు వేరుగ ధర యడిగినచో కొనువాడు నవ్వును. బండి దొంగలపాలైనను, నుగ్గునుగ్గైనను, బీమావారు బండి తయారీదారుల ధరనుండి అరుగుదల తీసివేసి లెక్కింతురేగాని, నంబరునకు పెట్టిన సొమ్మును లెక్కలోనికి తీసికొనరు. అంతకంటె ముఖ్యమైన సంగతి 47వ సెక్షనులో నున్నది. బండి పండ్రెండు నెలలకు మించి వేరొక రాష్ట్రములో నున్నచో అచ్చట క్రొత్త నంబరు పుచ్చుకొనవలెను. ప్రొద్దుటూరు, పులివెందుల బిడ్డలలో ఉద్యోగములకై బెంగుళూరు చేరినవారెందఱో! 2014 తరువాత హైదరాబాదును పరరాష్ట్రమే. తండ్రి ముచ్చటపడి వేలములో పాడి తెచ్చిన నంబరు, కొడుకు కాపురము మార్చిన యేడాదికే చెల్లని కాసగును.

చూచువారు మెచ్చెదరను నాస కూడ మునుపటి వలె తీరదు. పూర్వము పలకలు వ్రాయు చిత్రకారులు 8055 ను ‘బాస్’ అను ఇంగ్లీషు మాటగా కనబడునట్లు వంకరలు దిద్దెడివారు. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త బండ్లకు తయారీదారులే ఒకే తీరు అక్షరములు పొడిపించిన భద్రతా పలకలను ఇయ్యవలెనని నిబంధన. చిత్రకారుని కుంచెకు అచ్చట చోటు లేదు. మఱి సులభముగ జ్ఞాపకముండుట మాటయో? లారీలకు, బాడుగబండ్లకు అది కొంత మేలే. కాని దారిలో ఎవరినైనను తాకించి పోయిన బండి నంబరు 9999 ఐనచో, బడికి పోవు పిల్లవాడు కూడ పోలీసువారికి తడుముకొనక చెప్పగలడు!

ఇంత చెప్పితిమని నంబరు కొన్నవారందఱును తెలివితక్కువవారని మా భావము కాదు. వేలపు సొమ్ము ప్రభుత్వమునకు చేరును. ఇష్టపడి కట్టు పన్ను లోకములో ఇదియొక్కటియే కాబోలు. బిడ్డ పుట్టిన తేదీయని, తండ్రి మొదటి బండి నంబరని కోరుకొనువారి ముచ్చటకు వెల కట్ట మేమెవరము? నిలువ సొమ్ము గలవారు మజూరి ఇచ్చినట్లు ఇచ్చి సంతోషింపవచ్చును. అయితే వాన నమ్మి వేరుసెనగ విత్తు సీమ ఇది. నాపరాళ్ళు మోయు లారీని వడ్డీసొమ్ముతో కొన్న జమ్మలమడుగువాడు గాని, చీనీతోటపై అప్పు తెచ్చి కారు కొన్న పులివెందులవాడు గాని, అదే యప్పులో నంబరును కూడ కలిపినచో, అది నగ లేక మజూరి ఒక్కటే చెల్లించుట యగును. వారికి మాత్రము వలదనియే మేము గట్టిగా చెప్పుదుము.

ఈ కొనుగోళ్ళ సందడిలో మనము గమనింపక పోగొట్టుకొన్న యంకె యొకటి కలదు. దానికెవరును పైస ఇయ్యలేదు. 1988 నాటి చట్టము 1989 జూలైలో అమలునకు వచ్చినప్పుడు, మన రాష్ట్రపు జిల్లాలకు ఇంగ్లీషు అక్షరక్రమములో అంకెలు వేసిరి. ఆదిలాబాదు 01, అనంతపురము 02, చిత్తూరు 03, కడప 04, తూర్పు గోదావరి 05. కడప పేరును తెల్లదొరలు ‘సి’ అక్షరముతో వ్రాసిరి గనుక అది చిత్తూరు వెనుకనే కూర్చున్నది. ‘కె’తో వ్రాసియున్నచో హైదరాబాదు దాటి కరీంనగరము ప్రక్కకు పోయెడిది. 2005లో పేరును ‘కె’తో వ్రాయుటకు మార్చిరిగాని అంకెను కదపలేదు. దొరల వర్ణక్రమము ఊరి బోర్డులనుండి తొలగిన తరువాత గూడ మన లారీలమీద నిలిచియుండెను.

ఆ 04 ను చూచి బెంగుళూరు సంతలోనో, విజయవాడ దారిలోనో లారీ నిలిపి ‘మీదే యూరన్నా?’ అని పలుకరించుకొనుట డ్రైవర్లకు వాడుక. ఎఱ్ఱగుంట్లయని యొకడు, ముద్దనూరని యొకడు చెప్పిన వెంటనే చాయ్ చెప్పుట, చుట్టరికములు తీయుట జరిగెడిది. వేలములో కొన్న నాలుగంకెలు యజమాని తాహతు చెప్పునేమోగాని ఊరు చెప్పవు. ఊరు చెప్పునది ఉచితముగా వచ్చిన ఆ రెండంకెలే.

2019 జనవరి చివర ఆంధ్రప్రదేశములో జిల్లాల యంకెలను తీసివేసి, రాష్ట్రమంతటికిని 39 అను నొకే యంకె పెట్టిరి. పిమ్మట 40 కూడ వచ్చి చేరినది. ఏ యూరిలో కొన్నను బండికి ఒకే వరుసలో నంబరు దొరకుటచే రిజిస్ట్రేషను పని తేలికపడినది, నిజమే. కాని అంతకు ముందు ప్రతి జిల్లాకును వేరుగ నుండిన 9999 కొఱకు ఇప్పుడు ప్రొద్దుటూరు వర్తకుడు విశాఖపట్టణపు వర్తకునితో పోటీ పడవలెను. పలకలోని అంకెలన్నియు కూడి అదృష్టము చూచుకొనువారికి ఇంకొక చిక్కు. 04 తో చేరిన 9999 తుది కూడిక నాలుగు. 39 తో చేరినచో మూడు. ప్రభుత్వపు ఉత్తరు వొక్కటి గ్రహబలమును మార్చివేసినది!

స్వంతబండి రిజిస్ట్రేషను గడువు పదునైదేండ్లు. 2019 జనవరిలో చిట్టచివర 04 పొందిన బండ్లకు ఆ గడువు 2034 జనవరిలో తీరును. పరీక్షలో నిలిచిన బండికి ఐదేండ్లకొకమారు పొడిగింపు దొరకును గనుక, ఇంజను బాగున్నవి కొన్ని ఆ తరువాతను ముద్దనూరు దారిలో కనబడుచుండును.