డిస్కు విభజన తెర

'''డిస్కు విభజన తెర''' అనగా కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమును స్థాపించునపుడు, హార్డు డిస్కులో ఏ భాగమును దానికి కేటాయించవలెనో వాడుకరిని అడుగు తెర. స్థాపనలో జరిగే ఇతర పొరపాట్లను చాలావరకు తరువాత దిద్దుకొనవచ్చును. ఇక్కడి పొరపాటు వలన మాత్రము అంతకుముందున్న ఫైళ్ళన్నీ పోవచ్చును.

== చిక్కులకు కారణాలు ==
విండోస్‌లో సి, డి అను అక్షరాలతో కనబడు విభాగాలే లినక్సులో ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 వంటి పేర్లతో కనబడును. ఏది ఏదో కొత్తవారికి తెలియదు. పైగా 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో ప్రాథమిక విభాగాలు నాలుగుకు మించరాదు. నాలుగూ నిండినచో, డిస్కులో ఖాళీ ఉన్నను కొత్త విభాగము ఏర్పడదు. తరువాత వచ్చిన జీపీటీ పద్ధతిలో సాధారణముగా 128 విభాగాలకు వీలున్నది.

== స్పష్టత కొరకు జరిగిన మార్పులు ==
* '''ఉబుంటు''': 2006 జూన్‌లో విడుదలైన 6.06తో లైవ్ సీడీ నుండే స్థాపించు చిత్రరూప సాధనము వచ్చినది. తరువాతి విడుదలలలో "డిస్కు మొత్తము చెరుపుట", "ఉన్న సిస్టము పక్కన స్థాపించుట" వంటి ఎంపికలను మామూలు వాక్యాలలో చూపిరి.
* '''డెబియన్''': చేయబోవు మార్పుల జాబితాను ముందు చూపి, అనుమతి అడుగును. అక్కడ ముందుగా ఎంపికై ఉండు జవాబు "వద్దు".
* '''ఫెడోరా''': 2013 జనవరిలో వచ్చిన 18వ విడుదలలో విభాగాలను డిస్కుల వారీగా కాక సిస్టముల వారీగా చూపిరి. పాత పద్ధతికి అలవాటుపడినవారు దీనిని విమర్శించిరి.

== జాగ్రత్తలు ==
తెర ఎంత స్పష్టముగా ఉన్నను, ముందుగా ఫైళ్ళకు వేరొక డిస్కులో నకలు తీసుకొనవలెను. విభాగమును పేరుతోనే కాక పరిమాణముతో కూడ సరిచూచుకొనవలెను.